బొమ్మకూ యంత్రానికీ నడుమ

పిల్లలూ! సెల్‌ఫోనులో వీడియో ఆట చూశారు కదూ? అందులో గుర్రం పరుగెత్తుతుంది, వాన కురుస్తుంది, అడవి కనిపిస్తుంది. ఆ బొమ్మలు గీసేది చిత్రకారులు. గుర్రం గోడకు తగిలితే ఏమి జరగాలో లెక్కలు కట్టి యంత్రానికి చెప్పేది ప్రోగ్రామర్లు. ఒకరి భాష ఒకరికి అంతగా తెలియదు. అందుకని ఇద్దరి పనీ తెలిసినవారు ఒకరు మధ్యన ఉంటారు. వారినే టెక్నికల్ ఆర్టిస్టు అంటారు.

ఇదేదో కొత్త వింత అనుకోకండి. మన పోచంపల్లికి పోయి చూడండి. ఆ ఊరు 2016 దాకా నల్లగొండ జిల్లాలోది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోది. అక్కడి చీర మీద చిలుక ఉన్నదంటే, అది నేసిన తరువాత అద్దిన బొమ్మ కాదు. ముందు గళ్ళ కాగితం మీద చిలుకను వేస్తారు. ఏ గడికి ఏ రంగో చూసుకుని, రంగు అంటకూడని చోట దారాలను బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఆ తరువాతనే మగ్గం. దారాలు కాస్త జరిగాయా, చిలుక ముక్కు చెదిరిపోతుంది! ఫోను తెర మీది బొమ్మ కూడా గళ్ళే. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు.

దారాలు కట్టడానికి ముందు ఆసు పోయాలి. అంటే ఒక పక్కనున్న మేకు నుంచి, ఎదుట అర్ధచంద్రాకారంలో ఉన్న మేకులకు దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు తిరగాలి! ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మి అనే తల్లి ఈ పని చేసి చేసి భుజం నొప్పితో బాధపడేది. చిన్నతనంలోనే బడి మానిన ఆమె కొడుకు చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి తంటాలు పడి, 1999లో ఆసు పోసే యంత్రం తయారుచేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోయింది. దానికి తల్లి పేరే పెట్టి, లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. 2017లో ప్రభుత్వం అతనికి పద్మశ్రీ ఇచ్చింది.

టెక్నికల్ ఆర్టిస్టు కూడా ఇలాంటి పనిముట్లే చేస్తారు. కాకపోతే అవి ఇనుముతో చేసినవి కావు, ప్రోగ్రాములు. చిత్రకారుడు నాలుగు చెట్లు గీసి ఇస్తే చాలు, వాటితో అడవంతా నింపే ప్రోగ్రాము ఒకటి. గుర్రానికి లోపల ఎముకలు అమర్చి, మోకాలు ఎటు వంగాలో చెప్పటం కూడా వీరి పనే.

అసలు చిక్కు ఇంకొకటున్నది. ఆట సాఫీగా సాగాలంటే చాలా ఆటల్లో సెకండుకు 60 బొమ్మలు తెరమీదికి రావాలి. యంత్రానికి ఒక్కొక్క బొమ్మకూ దొరికేది సెకండులో 60వ వంతు! ఆటలోని వస్తువులన్నీ చిన్న చిన్న త్రికోణాలతో కూర్చినవి. మహబూబునగర్ దగ్గరి పిల్లలమర్రిని ఆటలో పెట్టాలనుకోండి. అది మూడెకరాల మేర ఊడలు దిగిన చెట్టు. ప్రతి ఆకునూ వేస్తే త్రికోణాలు లక్షలు దాటుతాయి. ఖరీదైన ఫోను ఎలాగో మోస్తుంది. మీ ఇంట్లోని పాత ఫోను వేడెక్కి, గుర్రం ఆగి ఆగి నడుస్తుంది. అందుకని దగ్గరి కొమ్మలకు అన్ని త్రికోణాలూ ఉంచి, దూరపు కొమ్మలకు కొద్దిపాటివే వాడతారు. చూసేవాళ్ళు పోల్చుకోలేరు. నిజంగా ఆ చెట్టును దూరం నుంచి చూసినా మనకు ఆకులు విడివిడిగా కనిపిస్తాయా ఏమిటి?

మీ లెక్కల పుస్తకంలో 16 గళ్ళ పొడవు, 16 గళ్ళ వెడల్పు గీసుకుని, నాలుగే రంగులతో ఒక చిలుకను వేసి చూడండి. ముక్కుకు ఎన్ని గళ్ళు మిగిలాయో లెక్కపెట్టండి.