ముందు టైరు ఒక పక్కే ఎందుకరుగుతుంది?

గుడి ముందో, పెళ్ళి పందిరి ముందో ఆగివున్న కారు ముందు టైర్లను మీరెప్పుడైనా వంగి చూశారా? కొన్ని టైర్లు అంతటా సమంగా అరిగి ఉంటాయి. కొన్ని మాత్రం ఒక అంచున గాడులన్నీ మాయమై పలకలాగా నున్నగా ఉంటాయి. రెండో అంచున గాడులు కొత్తవాటిలాగే ఉంటాయి. టైరు ఒకటే, అది నడిచిన రోడ్డూ ఒకటే. మరి ఈ పక్షపాతం ఎందుకు?

జవాబు మీ కాళ్ళ దగ్గరే ఉంది. మీ పాత చెప్పులను తిరగేసి చూడండి. చాలామంది చెప్పులు మడమ దగ్గర ఒక పక్కే అరిగి ఉంటాయి. చెప్పును చూసి మనిషి నడక చెప్పవచ్చు. అలాగే టైరును చూసి కారు నడక చెప్పవచ్చు.

దొర్లడం వేరు, రాచుకోవడం వేరు

గుండ్రటి పెన్సిలును కాగితం మీద దొర్లించండి. కాగితానికీ, పెన్సిలుకూ ఏమీ కాదు. ఇప్పుడు రబ్బరుముక్కతో అదే కాగితాన్ని రుద్దండి. పొట్టు రాలుతుంది. టైరు నేరుగా దొర్లినంత కాలం చాలా మెల్లగా అరుగుతుంది. దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతే మాత్రం మీ రబ్బరుముక్కలాగా త్వరగా అరుగుతుంది. అసలు రహస్యం ఇదే.

నలుగురు కూర్చున్న చిన్న కారు బరువు సుమారు 1200 కిలోలు అనుకుందాం. ఒక్కో టైరు మీద సగటున 300 కిలోలు పడుతుంది. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలు. 300ను 2తో భాగిస్తే 150 వస్తుంది. అంటే టైరు నేలను తాకే చోటు దాదాపు 150 చదరపు సెంటీమీటర్లు, ఒక పోస్టుకార్డు కంటే కొంచెం పెద్దది. ఇంత కారూ నాలుగు పోస్టుకార్డుల మీద నిలబడి పరుగెత్తుతోందన్నమాట!

ముందు టైర్ల మీద పని భారం ఎక్కువ. చాలా చిన్న కార్లలో ఇంజను ముందే ఉంటుంది. కారును లాగేవీ, మలుపు తిప్పేవీ ముందు చక్రాలే. బ్రేకు వేసినప్పుడు జడత్వం వల్ల బరువు ముందుకు తూలుతుంది. అందుకే లోపం ఏదైనా ముందు టైర్లలో త్వరగా బయటపడుతుంది.

గాలి చెప్పే మాట

గాలి తక్కువైతే టైరు మధ్యభాగం కుంగి, బరువంతా రెండు అంచుల మీద పడుతుంది. అప్పుడు రెండు అంచులూ అరుగుతాయి. గాలి మరీ ఎక్కువైతే టైరు మధ్యలో ఉబ్బి, నడుమ మాత్రమే అరుగుతుంది. కాబట్టి రెండు అంచులు అరిగినా, నడుమ అరిగినా మొదట అనుమానించవలసింది గాలినే. ఒక్క అంచే అరిగితే మాత్రం సాధారణంగా చక్రం నిలబడిన తీరులో తప్పుందని అర్థం.

చక్రాల కాలివేళ్ళు

మీరు నిలబడి పాదాల వేళ్ళను కొంచెం లోపలికి తిప్పండి. అలాగే నేరుగా నడవండి. చెప్పులు నేలను రాచుకుంటాయి కదా! కారు ముందు చక్రాలను పైనుండి చూస్తే వాటి ముందు కొసలు కూడా ఇలా లోపలికో, బయటికో తిరిగి ఉండవచ్చు. మెకానిక్కులు దీన్ని 'టో' అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం కాలివేలే. కొద్దిపాటి టో కారు తయారీలోనే ఉంటుంది. అది మితిమీరితేనే చిక్కు.

ఎంత చిక్కో లెక్క వేద్దాం. చక్రం దాని దారికి ఒక్క డిగ్రీ వంకరగా ఉందనుకోండి. సైన్ 1 డిగ్రీ విలువ సుమారు 0.0175. అంటే ప్రతి మీటరు ప్రయాణంలో టైరు 17.5 మిల్లీమీటర్లు పక్కకు రాచుకుంటుంది. కిలోమీటరుకు 17.5 మీటర్లు! రోజుకు 50 కిలోమీటర్లు తిరిగే టాక్సీలో అయితే ఆ టైరును 875 మీటర్లు తారురోడ్డు మీద అడ్డంగా ఈడ్చినట్లే. కంటికి కనబడని ఒక్క డిగ్రీ చేసే పని ఇది.

ముందు కొసలు లోపలికి ఎక్కువగా తిరిగితే టైరు బయటి అంచు అరుగుతుంది. బయటికి తిరిగితే లోపలి అంచు అరుగుతుంది. ఇలా అరిగిన టైరును అడ్డంగా నిమిరితే ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపపు పళ్ళలా గరుకుగా తగులుతుంది.

వాలిన చక్రం

కారుకు ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిటారుగా కాక, లోపలికో బయటికో వాలి ఉండవచ్చు. దీన్ని 'క్యాంబర్' అంటారు. ఇంట్లో పైన వెడల్పు, అడుగున సన్నం ఉన్న స్టీలు గ్లాసును నేల మీద దొర్లించండి. అది నేరుగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. వాలిన టైరు కూడా గ్లాసులాగా పక్కకు తిరగాలని చూస్తుంది. కారు దాన్ని నేరుగా లాక్కుపోతుంది. పైగా బరువు ఒక అంచు మీదే ఎక్కువ పడుతుంది. ఇంకేముంది, ఆ అంచు అరిగిపోతుంది. చక్రం పైభాగం లోపలికి వాలితే లోపలి అంచు, బయటికి వాలితే బయటి అంచు అరుగుతుంది.

మలుపులో లెక్క

డ్రిల్లులో వరుసగా నిలబడి మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు ఉన్నవాడు దాదాపు ఉన్నచోటే తిరుగుతాడు. బయటివాడు పెద్ద అంగలు వెయ్యాలి. మలుపులో కారు చక్రాలూ అంతే. లోపలి చక్రం చిన్న వృత్తంలో తిరగాలి కాబట్టి ఎక్కువ కోణం తిరగాలి. ఇరుకైన మలుపులో లోపలి చక్రం 31 డిగ్రీలు తిరిగితే, బయటి చక్రానికి 24 డిగ్రీలు చాలు. రెండూ సమానంగా తిరిగితే ఒకటి తప్పక రాచుకుంటుంది. ఈ చిక్కుకు ఉపాయం కార్లు పుట్టకముందే దొరికింది. మ్యూనిక్ నగరంలో గుర్రపు బండ్లు తయారుచేసే లాంకెన్స్‌పెర్గర్ దాన్ని కనిపెట్టగా, 1818లో ఇంగ్లండులో ఆకెర్మన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. కొద్ది మార్పులతో నేటి కార్లలోనూ అదే సూత్రం.

కోణం ఎలా తప్పుతుంది?

బీర్పూర్ నుండి జగిత్యాల వైపు వెళ్ళే కారుకు ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వచ్చిందనుకోండి. డ్రైవరు ఎడమ చక్రాలను తారు అంచు నుండి మట్టిలోకి దించుతాడు, మళ్ళీ ఎక్కిస్తాడు. వానాకాలం గుంతలు, ఎత్తయిన స్పీడుబ్రేకర్లు సరేసరి. గట్టి దెబ్బ తగిలితే చక్రాన్ని తిప్పే టై రాడ్ వంగవచ్చు. బాల్ జాయింట్లు, రబ్బరు బుష్‌లు అరిగి వదులైనా కోణం నిలవదు. షాక్ అబ్సార్బర్లు పాడైతే చక్రం ఎగిరెగిరి పడి, టైరు మచ్చలు మచ్చలుగా అరుగుతుంది. వదులైన భాగాలు మార్చకుండా అలైన్‌మెంటు చేయిస్తే లాభం లేదు. కోణం మళ్ళీ తప్పుతుంది.

ప్రాణాలకు సంబంధించిన సంగతి

గాడులున్నది అందం కోసం కాదు. వానలో టైరు కింది నీళ్ళు ఆ గాడుల గుండానే బయటికి పోతాయి. గాడులు లేకపోతే టైరు నీటిపొర మీద తేలి జారుతుంది. అప్పుడు స్టీరింగూ పని చెయ్యదు, బ్రేకూ పట్టదు. అందుకే మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అరుగుదల ఇంకా ముదిరితే లోపలి తీగలు బయటపడతాయి. మండుటెండలో, నిండా జనంతో జాతీయ రహదారిపై వేగంగా పోతున్నప్పుడు అలాంటి టైరు పగిలితే ఏమవుతుందో ఊహించండి. లోపలి అంచు అరుగుదల మరీ ప్రమాదకరం. బయటినుండి చూసేవారికి టైరు బాగానే కనిపిస్తుంది!

మీరు చేయగలిగిన పరీక్ష

ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసివున్న కారు దగ్గర, పెద్దల అనుమతితో ఇది చెయ్యండి. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పమనండి. దాగివున్న లోపలి అంచు కొంత బయటికి కనిపిస్తుంది. ఒక అగ్గిపుల్లను గాడిలో నిలబెట్టి, టైరు మట్టానికి గోటితో గుర్తు పెట్టి, స్కేలుతో కొలవండి. లోపలి అంచున, నడుమ, బయటి అంచున మూడుచోట్లా కొలిచి పట్టిక రాయండి. తీగలు బయటపడిన టైరును చేత్తో తాకవద్దు.

మూడు అంకెలూ దాదాపు సమానంగా ఉంటే కారు నడక బాగున్నట్లే. ఒక అంచు అంకె బాగా తక్కువగా ఉంటే ఆ కాగితాన్ని డ్రైవరు చేతికివ్వండి. అలైన్‌మెంటు సరిచేయించడానికి అయ్యేది వందల రూపాయలు. టైరుకు అయ్యేది వేల రూపాయలు. కారులో కూర్చున్న వారి ప్రాణానికి మాత్రం ఏ దుకాణంలోనూ వెల కట్టరు.