మీకు తెలుసా? మతి తప్పితే ముందు కారణం వెతకాలి

హైదరాబాద్ గౌలిపురలో ఓ పెద్దాయన పొద్దున్నే ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టలేదనుకోండి. దిష్టి తీసి ఊరుకోకండి. మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది. అక్కడైనా, మరెక్కడైనా డాక్టర్లు మొదట చూసేది రక్తంలో చక్కెరే. షుగర్ మాత్ర వేసుకుని అన్నం మానేస్తే అది పడిపోతుంది. గ్లూకోజ్ ఎక్కిస్తే చాలామంది నిమిషాల్లో తేరుకుంటారు.

సోడియం తగ్గితే మాత్రం నిదానంగా పెంచాలి, తొందరపడితే మెదడుకే దెబ్బ. కాలేయం చెడితే లాక్టులోజ్ సిరప్ ఇస్తారు. రోజుకు రెండు మూడు విరేచనాలు అయ్యేలా చూస్తారు, మతి తప్పించే అమ్మోనియా ఆ దారినే పోతుంది. కిడ్నీలు పాడైతే డయాలసిస్.

మన నగరానికి బాగా తెలిసిన మరో కారణం కల్తీ కల్లు. అల్‌ప్రాజోలం, డయజిపామ్ కలిపిన కల్లుకు అలవాటుపడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, వణుకు, లేనివి కనిపించడం. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్లు గుంపులుగా వచ్చిన రోజులున్నాయి. వైద్యం వింతగా అనిపిస్తుంది: అదే జాతి మందును లెక్కగా ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. కల్లు సంగతి మాత్రం డాక్టర్ దగ్గర దాచకండి.