బుర్రకథకుడు నాజర్

రాత్రి భోజనాలు కాగానే ఊరివారంతా చాపలు పట్టుకుని వచ్చి, పెట్రోమాక్సు దీపం ముందు కూర్చుని, పొద్దుపోయేదాకా కథ వినేవారంటే మీకు వింతగా ఉంటుంది. ఆ కథ బుర్రకథ. దానిని చెప్పటంలో ఆంధ్రదేశమంతటా పేరు పొందినవారు షేక్ నాజర్.

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ నిలబడేవాడు కథకుడు. తలకు పాగా, కాళ్ళకు గజ్జెలు, భుజాన తంబురా, చేతివేళ్ళకు అందెలు. ఆయన పాడతాడు, వచనం చెపుతాడు, అడుగులు వేస్తాడు. చెరొక పక్కా గుమ్మెటలు వాయించే ఇద్దరూ వంతలు. కథకుడు చరణం ముగించగానే వారు "తందాన" అని అందుకుంటారు. ఆ కాస్త వ్యవధిలోనే కథకుడు ఊపిరి తీసుకుంటాడు. వంతలలో ఒకడు హాస్యగాడు. వినేవాళ్ళ మనసులో మెదిలే సందేహాలను అతను అడిగి నవ్విస్తాడు. రెండవవాడు కథలోని విషయాన్ని నేటి లోకంతో ముడిపెట్టి మాట్లాడతాడు. అందుకే కథ ఎంత పొడుగైనా విసుగు పుట్టదు.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో పుట్టారు. ఇంట్లో కటిక పేదరికం. అయినా పిల్లవాడి గొంతు చక్కనిది. చిన్ననాడే నాటకాలలో వేషాలు వేశారు. మురుగుళ్ళ సీతారామయ్య గారి వద్ద సంగీతం నేర్చుకున్నారు. ఆ శాస్త్రజ్ఞానం తరువాత పల్లెపాటకు బలమైంది.

అంతవరకూ జంగం కథలవారు వీరుల కథలూ, దేవతల కథలూ చెప్పేవారు. 1940 తరువాత నాజర్, ఆయన తోటివారు అదే తంబురాతో నాటి కష్టాలను చెప్పనారంభించారు. 1943లో బెంగాలులో ఘోరమైన కరువు వచ్చింది. యుద్ధం వల్ల బర్మా బియ్యం ఆగిపోయింది, ధరలు మండిపోయాయి. ఇరవై నుంచి ముప్పై లక్షలమంది చనిపోయారని అంచనా. పత్రిక చదవలేని పల్లెవాసికి బెంగాలు ఎక్కడో ఉన్న దేశం. నాజర్ ఆ కరువును బుర్రకథగా కట్టి చెప్పారు. అప్పుడు ఆ ఆకలి పక్కింటి ఆకలి అయింది.

పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలకు కూడా ఆయన పెట్టింది పేరు. పాటకు ఉన్న శక్తి పాలకులకూ తెలుసు. 1940 దశకం చివరి ఏళ్ళలో మద్రాసు ప్రభుత్వం ఇటువంటి బుర్రకథలపై నిషేధం విధించింది. తంబురాకు భయపడ్డ ప్రభుత్వం! అయినా కథ ఆగలేదు. 1953లో వచ్చిన 'పుట్టిల్లు' చిత్రంలో నాజర్ బుర్రకథ ఉంది. పల్లెకు వచ్చి చెప్పే కథ అలా వెండితెర మీదికి కూడా ఎక్కింది. 1986లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1997లో ఆయన కన్నుమూశారు.

ఇక ఒక్క సంగతి మిగిలింది. నాజర్ చెప్పగా వెలువడిన ఆయన జీవితకథ పేరు 'పింజారి'. పింజారి అంటే ఎవరో తెలుసా? విల్లువంటి సాధనంతో దూదిని ఏకి, పరుపులకూ దిండ్లకూ పనికివచ్చేట్టు చేసేవాడు. మనం మెత్తగా నిద్రపోవటం అతని చలవే. కాని మనలో కొందరు కోపం వచ్చినప్పుడు ఆ మాటనే తిట్టుగా వాడతారు. నాజర్ పుట్టింది ఆ పని చేసేవారి కుటుంబంలోనే. ఆయన ఆ పేరును దాచుకోలేదు, పుస్తకం అట్టమీద పెట్టుకున్నారు. పద్మశ్రీ కన్న ఆ ధైర్యమే పెద్దదని నాకు తోస్తుంది.

చేతిపని చేసేవారి పేరు ఏదీ తిట్టు కాదు. ఇకమీద ఎవరైనా ఆ మాటను తిట్టుగా వాడితే, నాజర్ కథ వారికి చెప్పండి. అలాగే మీ తాతయ్యనో అమ్మమ్మనో బుర్రకథ విన్నారేమో అడగండి. విని ఉంటే, ఆ రాత్రి ఏ కథ చెప్పారో వారికి తప్పక గుర్తుంటుంది.