నెమ్ము టీకా: తొమ్మిదో నెల డోసు మరిచిపోవద్దు

రాజమహేంద్రవరం: ‘పోలియో చుక్కలు వేయించాం, పెంటా సూది కూడా అయ్యింది. మళ్లీ ఈ పీసీవీ ఏంటి?’ ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చే మామూలు సందేహమే ఇది. ఒక్కో టీకా కొన్ని జబ్బులనే ఆపుతుంది. పోలియో చుక్కలు నెమ్మును ఆపలేవు.

పసిపిల్లల్లో తీవ్రమైన నెమ్ముకు, అంటే న్యుమోనియాకు, ముఖ్య కారణాల్లో ఒకటి న్యుమోకాకస్ అనే బాక్టీరియా. దగ్గు, తుమ్ముల తుంపర్లతో ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. బతికి బయటపడ్డా కొందరికి చెముడు మిగులుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు ముప్పు ఎక్కువ. పీసీవీ ఈ బాక్టీరియా మీద పనిచేసే టీకా.

ప్రభుత్వ టీకాల్లో దీన్ని 2017లో హిమాచల్‌ప్రదేశ్‌తో పాటు బీహార్, ఉత్తరప్రదేశ్‌లలోని కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టారు. 2021లో ఆంధ్రప్రదేశ్‌తో సహా దేశమంతటికీ వచ్చింది. ప్రైవేటులో డోసుకు వేలల్లో ఖర్చయ్యే ఈ సూది ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం.

మొత్తం మూడు డోసులు: ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు. ముస్లిం ఇళ్లలో చిల్లా నలభై రోజులు లెక్కపెడతారు కదా, అది అయిన రెండు రోజులకే ఆరు వారాలు నిండుతాయి. ఈ లెక్క గుర్తుంటే మొదటి డోసు తప్పదు.

తప్పిపోయే భయం తొమ్మిదో నెల బూస్టర్‌తోనే. కాన్పు పుట్టింట్లో, ఆ తర్వాత అత్తారింటికి ప్రయాణం. కొందరు తల్లులు బిడ్డను నానీకో, దాదీకో అప్పగించి కువైట్ లాంటి గల్ఫ్ దేశాలకు వెళ్తారు. పేరు ఒక ఊరి ఏఎన్ఎం రిజిస్టర్‌లో, బిడ్డ ఇంకో ఊళ్లో. రక్షణ ఎక్కువ కాలం నిలిచేది బూస్టర్‌తోనే. కాబట్టి బిడ్డ ఎక్కడికి వెళ్తే టీకా కార్డు అక్కడికి వెళ్లాలి. కొత్త ఊళ్లో ఆశా కార్యకర్తకు చూపిస్తే చాలు, పేరు రాసుకుంటారు.

గోదావరి వరదకు లంక గ్రామాల దారి తెగి డోసు ఆలస్యమైనా కంగారు వద్దు. మళ్లీ మొదటి నుంచి వేయించక్కర్లేదు, మిగిలినవి పూర్తి చేయిస్తే సరిపోతుంది. మొదటి డోసు మాత్రం ఏడాది నిండకముందే పడాలి. సూది వేసిన చోట వాపు, కొద్దిపాటి జ్వరం రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి.

ఈ టీకాతో అన్ని రకాల నెమ్ములూ ఆగవు. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా ఇంటి వైద్యంతో రోజులు గడపొద్దు. దగ్గర్లోని పీహెచ్‌సీకో, పెద్దాసుపత్రికో వెంటనే తీసుకెళ్లాలి.