మెరుపు కన్నా కంటిచూపు మిన్న

కార్ఖానా అనే ఫారసీ పదానికి పని జరిగే చోటు అని అర్థం. సికింద్రాబాదు కంటోన్మెంటులోని మన కార్ఖానాకు దక్కిన పేరు అదే. మా వద్ద చదువు ముగించిన యువకులలో కొందరు మోటారు సైకిళ్ల మరమ్మతు పనిలో స్థిరపడ్డారు. హలాల్ సంపాదనకు అది చక్కని మార్గం. అయితే ఆ పనిలోని ఒక ప్రమాదం ఇళ్లలోకి కూడా వస్తున్నది గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

కొన్ని బండ్ల సైలెన్సరుకు పైతొడుగు అల్యూమినియంతో ఉంటుంది. దానిపై కనిపించే నలుపు లేక బూడిదవన్నె చాలాసార్లు పూసిన రంగు కాదు, యానోడైజింగ్ పొర. లోహాన్ని ఆమ్లంలో ఉంచి విద్యుత్తు ప్రవహింపజేస్తే దాని ఉపరితలమే గట్టి ఆక్సైడుగా మారుతుంది. బ్రిటన్‌లో 1923లో సముద్ర విమానాల భాగాలకు తుప్పు పట్టకుండా ఈ పద్ధతిని వాడారు. ఈ పొర లోహం కన్నా కఠినమైనది. అందుకే మామూలు పాలిష్‌తో పోదు.

దానిని కరిగించేది కాస్టిక్ సోడా ద్రావణం. పొర పోగానే అది అల్యూమినియాన్ని తినడం మొదలుపెడుతుంది; మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కాబట్టి వంటింట్లో, స్నానాల గదిలో ఈ పని ఎన్నడూ చేయరాదు. అల్యూమినియం గిన్నెలో ఆ ద్రావణాన్ని కలపరాదు. కాస్టిక్ సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేయాలే గాని, దానిపై నీరు పోయరాదు. కంట్లో చుక్క పడితే చూపే పోవచ్చు. వెంటనే ధారగా పారే నీటితో కనీసం 15 నిమిషాలు కడుగుతూ, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మా సలహా ఒక్కటే. పొర తీసే పనిని అనుభవం, రక్షణ సామగ్రి ఉన్న ప్లేటింగ్ దుకాణానికి అప్పగించండి. తరువాతి శ్రమ మన చేతులది: 400 నంబరు నీటి కాగితంతో మొదలుపెట్టి 600, 800, 1000 వరకు తడిపి రుద్ది, చివరకు గుడ్డ చక్రంపై మెరుగు పెట్టాలి. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. అల్యూమినియం ధూళి నిప్పురవ్వ తగిలితే మండుతుంది. ఇనుప ధూళితో దానిని కలవనీయరాదు.

ఖాతాదారు ఇచ్చిన వస్తువు మన వద్ద అమానత్. రక్షణ పొర పోయిన లోహం త్వరగా మసకబారుతుందనీ, మళ్లీ మళ్లీ పాలిష్ చేయాలనీ ముందే చెప్పడం నిజాయితీ. మెరుపు పేరిట సైలెన్సరు లోపలి భాగాలు తొలగించి పొరుగువారి నిద్ర చెడగొట్టడం మాత్రం చట్టరీత్యా నేరం. పొరుగువారి హక్కుకు భంగం.