అర్బుదం ఎందుకు పాకుతుంది?

“గడ్డ నొప్పి పెట్టడం లేదు గదా అయ్యగారూ! సూది గుచ్చితే పాకుతుందంటున్నారు, నిజమేనా?” అని కుసుమంచిలో ఒక ఇల్లాలు నన్ను అడిగింది. ఆమె రొమ్ములో గడ్డ కనిపించి అప్పటికే నాలుగు నెలలు.

గురుకులంలో సుశ్రుత సంహిత చెప్పిన అర్బుద లక్షణాలు వల్లించాను: గుండ్రంగా, కదలక, లోతుగా వేళ్ళూని, మెల్లగా పెరుగుతూ, చీము పట్టక, స్వల్పమైన నొప్పితో ఉంటుందని. నొప్పి లేకపోవడం అభయం కాదని మాత్రం ఆలస్యంగా గ్రహించాను. పూర్వం అట్టి గడ్డకు ఆముదపాకు కట్టించి నెలలు గడిపాను. ఆ రోగి దక్కలేదు.

మా ఊరి కాకతీయుల నాటి గణపేశ్వరాలయంలో రాయిని రాయి పట్టుకొని నిలిచినట్లే, దేహంలో కణాన్ని కణం పట్టుకొని ఉంటుంది. ఈ పట్టునిచ్చే ప్రొటీన్లలో ముఖ్యమైనది ఇ-క్యాడ్హెరిన్. కాల్షియం ఉంటేనే క్యాడ్హెరిన్ల పట్టు నిలుస్తుందని జపాను శాస్త్రజ్ఞుడు మసతోషి టకేయిచి పరిశోధనలు తెలిపాయి. అంతమాత్రాన కాల్షియం బిళ్ళలు మింగితే పోయిన పట్టు తిరిగి రాదు.

పెక్కు కేన్సర్లలో ఈ పట్టు సడలుతుంది. విడివడిన కణం, ఇంటెగ్రిన్ అనే మరొక ప్రొటీను సాయంతో చుట్టూ ఉన్న అల్లికను పట్టుకొని ముందుకు సాగి, రక్తనాళాలలోనో లసిక నాళాలలోనో ప్రవేశిస్తుంది. ఎముకలోనో కాలేయంలోనో మళ్ళీ పట్టు దొరికితే అక్కడ నాటుకుంటుంది. కొన్ని కణాలు పట్టు వీడక గుంపుగానే ప్రయాణిస్తాయి. రొమ్ము కేన్సరులో లోబ్యులార్ అనే రకంలో సాధారణంగా ఇ-క్యాడ్హెరిన్ లోపిస్తుంది. కణాలు చీమల బారువలె సాగుతాయి గనుక గడ్డ చేతికి స్పష్టంగా తగలకపోవచ్చు.

కనుక పాకే గుణం కణంలోనే పుడుతుంది, సూది దానిని పుట్టించదు. సూది పరీక్షవలన వ్యాధి పాకడం బహు అరుదు. జాగు చేయడమే అసలు ప్రమాదం.

గడ్డను పిసకవద్దు. జిల్లేడుపాలు పూయవద్దు. వెంటనే ఖమ్మంలో శస్త్రవైద్యునికి చూపించండి. అవసరమైతే హైదరాబాదులో 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి ఉంది. ఆకలి, నిద్ర, విరేచనం సరిచేయడానికి మావంటివారము తోడ్పడగలము. అదీ అక్కడి వైద్యునికి తెలిపిన తరువాతనే.

ఆ ఇల్లాలికి ఏ మందూ ఇవ్వలేదు. భర్తను పిలిపించి, మరునాటి ఉదయం బస్సుకు ఇద్దరినీ ఖమ్మం పంపాను.