మనుమసిద్ధి: పోయిన రాజ్యము, నిలిచిన పేరు

నెల్లూరు సీమలో సముద్రతీరముననున్న కృష్ణపట్టణమునకు 13వ శతాబ్దిలో గండగోపాలపట్టణమను పేరు కూడ ఉండెను. గండగోపాలుడనునది నెల్లూరు నేలిన తెలుగుచోడుల బిరుదు. రేవుపట్టణమునకు తమ బిరుదు నొసగిన ఆ రాజులలో తెలుగువారికి మిక్కిలి పరిచితుడు మనుమసిద్ధి.

తండ్రి తిక్కరాజు కంచి వరకు తన ప్రాబల్యము నెరపిన వీరుడు. అతని యనంతరము 1248 ప్రాంతమున మనుమసిద్ధి సింహాసన మెక్కెను. కాని ఆ సింహాసనము స్థిరముగా నిలువలేదు. అక్కన, బయ్యన అనువారు రాజ్యము నాక్రమించి అతనిని వెడలగొట్టిరి. అప్పుడు రాజును కాపాడినది కత్తి కాదు, కవి. తిక్కన సోమయాజి ఓరుగంటి కేగి, కాకతి గణపతిదేవునకు భారతకథలు వినిపించి మెప్పించి, సేనాసాహాయ్యమును సంపాదించెనని సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. గణపతిదేవుడు శత్రువులను జయించి నెల్లూరిని మరల మనుమసిద్ధి కిప్పించెను.

ఇట్లు దక్కిన రాజ్యము పచ్చికకై జరిగిన పోరులో నెత్తురోడ్చెను. అనావృష్టివలన ఆలమందలతో వచ్చిన కాటమరాజు నెల్లూరి బీళ్లలో పసుల మేపుకొనెను. పుల్లరి విషయమున తగవు పుట్టి యుద్ధమాయెను. బ్రదుకుతెరువునకై వచ్చిన గొల్లలకు పచ్చిక ప్రాణము. రాజునకు పుల్లరి అధికారము. ఆ కయ్యమున కవి తిక్కనకు జ్ఞాతియైన ఖడ్గతిక్కన నెల్లూరి పక్షమున పోరెను. ఒకమారు వెనుదిరిగి ఇల్లు చేరిన అతనికి తల్లి ప్రోలమ విరిగిన పాలు వడ్డించి దెప్పెననియు, అతడు మరల రణమున కేగి ప్రాణము లర్పించెననియు ప్రసిద్ధి.

తుదకు దక్షిణమునుండి పాండ్యుల దండయాత్ర వచ్చిపడెను. 1263 ప్రాంతమున కృష్ణపట్టణమునకు చేరువనున్న ముత్తుకూరు యుద్ధములో మనుమసిద్ధి మరణించెనని చరిత్రకారులు చెప్పుదురు. జటావర్మ సుందరపాండ్యుడు నెల్లూరిలోనే వీరాభిషేకము జరుపుకొనెను.

అయినను ఈ రాజు చేసిన పని యొకటి చెడలేదు. తిక్కనను అతడు 'మామా' అని పిలుచుచుండెను. ఆ వరుసనుబట్టియే కృతికన్యకను తన కీయవలసినదని చమత్కారముగా అడిగెను. తిక్కన నిర్వచనోత్తర రామాయణమును అతని కంకిత మొసగెను. పిదప విరాటపర్వము మొదలు పదునైదు పర్వముల భారతమును రచించినప్పుడు మాత్రము ఆ మహాకవి నరుని గాక హరిహరనాథునే కృతిపతిగా వరించెను.

నేడు రేవునకు గండగోపాలుని పేరు లేదు. కోటలు, కానుకలు, పుల్లరి లెక్కలు కాలగర్భమున కలిసినవి. తన మంత్రిని సేవకునిగా గాక చుట్టముగా చూచిన రాజు పేరును మాత్రము ఒక కావ్యము ఏడువందల యేండ్లకు పైగా మోయుచున్నది. బలముతో గెలిచినది బలముతోనే పోయినది. ఆదరముతో గెలిచినది నిలిచినది.